మోకాళ్ల మేస్త్రీ ఎక్కని నిచ్చెన

ఆ పేటలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. గ్యాసు కంపెనీ ఇచ్చిన గుర్తింపు కార్డు మీద ఒక పేరు ఉండేది గానీ, అది చొక్కా జేబులో చెమటకి తడిసి తడిసి అలుక్కుపోయింది. అందరికీ ఆయన మోకాళ్ల మేస్త్రీ. ఎవరింట్లో గ్యాసు వాసన వస్తోందన్నా ఆయన చేసే మొదటి పని, సంచీ గుమ్మంలో పెట్టి రెండు మోకాళ్ల మీదా కూలబడటం. తర్వాత అరచేతులు గచ్చుకి ఆనించి, ముక్కు నేలకి జానెడు ఎత్తులో పెట్టి, పొయ్యిగట్టు కింద నుంచి గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చేవాడు. అంత భారీ మనిషి అలా పాకుతుంటే ఇంట్లో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

"మేస్త్రీ గారూ, మా గచ్చు శుభ్రంగా ఉందా?" అని ఎవరో ఒకరు అడగకుండా ఉండేవారు కాదు.

"శుభ్రంగానే ఉందమ్మా. మొన్న తరిగిన ఉల్లిపాయ పొట్టు ఒక్కటి మూలన దాక్కుంది. ఉండనివ్వండి, దానికి మాత్రం ఎవరున్నారు," అనేవాడు తల ఎత్తకుండానే.

నవ్వేవాళ్లు నవ్వేవాళ్లే గానీ, ఆయన లేచి నిలబడి "ఏం లేదు, వెలిగించుకోండి" అన్నాడంటే ఇక రెండో మాట ఉండేది కాదు. అగ్గిపుల్ల గీసేవాళ్లు. ముప్పై రెండేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

నేల మీద వెతకడం ఆయన సొంత పిచ్చేమీ కాదు. పని నేర్పిన గురువు చూపించిన విద్య. మొదటి రోజునే ఆ ముసలాయన ఒక రేకు కాలువని ఇటుకల మీద వాలుగా పెట్టి, కింది కొసన కొవ్వొత్తి వెలిగించాడు. ఒక గ్లాసులోకి సిలిండర్ గ్యాసు కొంచెం పట్టి, పై కొసన నిలబడి, ఖాళీగా కనబడుతున్న ఆ గ్లాసుని నీళ్లు వంపినట్టు వంపాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత కింద కొవ్వొత్తి ఒక్కసారి బుస్సుమంది, మంట రేకు పొడుగునా పైకి పాకింది.

"చూశావా? ఇది గాలి కాదురా, కంటికి కనపడని నీళ్లు. గాలి కంటే బరువు. పల్లం ఎక్కడుంటే అక్కడికి పోయి పడుకుంటుంది. నువ్వూ అక్కడే వెతుక్కోవాలి."

ఆ మాట ఆయన ఒంట్లోకి ఇంకిపోయింది. తను గ్యాసు పెట్టిన ప్రతి వంటింట్లోనూ గోడకి నేలబారున గుప్పెడంత కన్నం కొట్టించాడు, కారిన గ్యాసు కాలవలోకి పోయినట్టు బయటికి పోవడానికి. ఆ కన్నాల్లోంచి ఎలకలు వస్తున్నాయని పేటంతా తిట్టింది. "ఎలకొస్తే పిల్లిని పెంచుకోండి. గ్యాసొస్తే ఏం పెంచుకుంటారు?" అన్నాడు.

ఆయన కన్నం కొట్టించిన మొదటి ఇల్లు అక్కది.

ఆయనకి తొమ్మిదేళ్లు, అక్కకి పధ్నాలుగేళ్లు ఉన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరి వెనక ఒకరు పోయారు. అక్క పరుపుల దుకాణంలో దూది ఏకే పనికి కుదిరింది. దుకాణం ఊడ్చినప్పుడు వచ్చిన ఉండలు ఉండల దూదంతా పోగేసి తమ్ముడికి ఒక పరుపు కుట్టింది. నడుం దగ్గర గుట్ట, కాళ్ల దగ్గర గుంట. యాభై రెండేళ్లొచ్చినా ఆయన దాని మీదే పడుకునేవాడు. మంచి పరుపు మీద నిద్ర పట్టేది కాదు.

అక్క ఈకలాంటి మనిషి. కూర్చుని ఉండగా ఆమెని చూసినవాళ్లు తక్కువ. అటక మీదికి, కిందికి, వీధిలోకి, ఇంట్లోకి, చేతిలో ఎప్పుడూ సూదో, దిండు గలేబో. తమ్ముడేమో కదిలే బీరువా. "నువ్వు గుమ్మం దాటేలోగా నేను బజారుకెళ్లి వచ్చి బట్టలు కూడా ఉతికేస్తాను," అనేది. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే, రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని దిండ్లు కుట్టి బతికింది. మేస్త్రీ పెళ్లి మాట వచ్చినప్పుడల్లా "చూద్దాంలే" అంటూ చూడకుండానే వయసు దాటేశాడు. అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఒక గదిలో ఉండేవాడు. కడుపు నింపుకునేది మాత్రం అక్క ఇంట్లోనే.

మేనకోడలు చిన్నప్పుడు ఇంట్లో కుర్చీలన్నిటినీ వరసగా పేర్చి పాఠం చెప్పేది. అల్లరి చేసిన కుర్చీని గోడవైపు తిప్పేది. మామయ్య దాన్ని పంతులమ్మా అని పిలిచాడు. పిలిచినట్టే అయింది, పెరిగి బళ్లో సైన్సు టీచరైంది. దాని మొదటి నెల పాఠాలన్నీ మామయ్య మీదే ప్రయోగించింది. ఆయన అన్నం ముందు కూర్చుని, తెల్ల మొహం వేసుకుని, అర్థమైనట్టు తల ఊపేవాడు.

అలా ఉండగా పేటలోకి పైపు గ్యాసు వచ్చింది.

సిలిండర్లు పోతాయి, నేల కింది గొట్టాల్లోంచి గ్యాసు నేరుగా పొయ్యికే వస్తుంది అన్నారు. కంపెనీవాళ్లు మేస్త్రీలందరికీ రెండు రోజులు శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చిన ఇంజనీరు కుర్రవయసువాడు, కళ్లజోడు మాటిమాటికీ ముక్కు మీదికి తోసుకుంటూ మాట్లాడాడు. కొత్త గ్యాసు గాలి కంటే తేలిక, పైకి పోతుంది, పైన వెతకాలి అని నల్లబల్ల మీద బొమ్మ గీశాడు. వెనక బెంచీలో మేస్త్రీ పక్కవాడి చెవిలో, "మన కంపెనీ గ్యాసు కూడా ఉద్యోగంలో పైకి పోయిందన్నమాట," అన్నాడు. బెంచీ అంతా నవ్వింది. చివర్న పరీక్ష పెడితే జవాబులన్నీ సరిగ్గా రాశాడు. కొత్త కార్డు ఇచ్చారు.

ఆ ఆదివారం అక్క ఇంట్లో ఆ మాటే వచ్చింది.

"మామయ్యా, నువ్వు గ్యాసు గ్యాసు అంటావు గానీ, అది ఒకటి కాదు. అన్నిట్లోనూ అణువులుంటాయి, ఒక్కోదానిది ఒక్కో బరువు. సిలిండర్లో వచ్చేది గాలికి ఒకటిన్నర, రెండు రెట్లుంటుంది. పైపులో వచ్చేది గాలిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే," అంది పంతులమ్మ.

"బరువైంది కింద పడుకుంటుంది, తేలికది పైకి పోతుంది. మా ఇంజనీరూ అదే చెప్పాడు."

"పడుకోవడం ఏమిటి మామయ్యా? ఏ అణువూ పడుకోదు. అన్నీ ఊరికే పరుగెడుతూనే ఉంటాయి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ. గదిలో వేడి అందరికీ ఒకటే కదా, అన్నిటికీ సగటున ఒకటే శక్తి. అదే శక్తితో బరువైంది మెల్లగా కదులుతుంది, తేలికది జోరుగా పోతుంది. సన్నపాటి సందుంటే తేలికదే ముందు జారుకుంటుంది. చాలాసేపు వదిలేస్తే అన్నీ గాలిలో కలిసిపోతాయనుకో. కానీ మూసిన చోట, కారడం మొదలైన కొత్తలో, ఏది ఎక్కడ చేరుతుందో చెప్పేది బరువే."

"అర్థమైందిలే. నేను బరువు. మీ అమ్మ తేలిక. ఒకే తిండి తింటాం, అది పరుగెడుతుంది, నేను కూర్చుంటాను."

"ఒకే తిండి ఎక్కడరా? నా కంచంలోది కూడా నువ్వే తింటావు," అంది అక్క వంటింట్లోంచి. పంతులమ్మ పొలమారేలా నవ్వింది.

పాఠం ఆయనకి నిజంగానే వచ్చింది. ఎవరు అడిగినా చెప్పగలిగేవాడు. కానీ నోటికి వచ్చిన పాఠం మోకాళ్లకి రాలేదు.

అక్క ఇంటికి పైపు వచ్చిన రెండో నెలలో, ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది. ఆ ఇంటి కట్టుబడి వల్ల పైపుకి వేరే దారి లేక, గోడకి ఎత్తున కన్నం పెట్టి, వంటింటి అటక లోపలి నుంచి తెచ్చి పొయ్యి దగ్గరికి దించారు. అటకకి చెక్క తలుపులున్నాయి. అక్క దూది మూటలన్నీ అందులోనే.

"ఒరేయ్, అటక తలుపు తీస్తే కుళ్లు వాసన కొట్టిందిరా. గ్యాసేమో, ఒకసారి వచ్చి చూడు."

వచ్చాడు. సంచీ గుమ్మంలో పెట్టాడు. మోకాళ్లు వాటంతట అవే వంగాయి. గచ్చు మీద పొయ్యి నుంచి గుమ్మం దాకా పాకి, నేలబారు కన్నం దగ్గర ముక్కు పెట్టి, వెనక్కి వచ్చి, పొయ్యి దగ్గరి జాయింటుకి సబ్బు నురగ పూసి చూశాడు. ఒక్క బుడగ లేవలేదు.

"ఏం లేదక్కా. నీ గచ్చు అద్దంలా ఉంది."

"గచ్చులో కాదురా మొద్దూ. పైన. అటక తలుపు తీసినప్పుడు."

"నీ దూది మూటల్లో ఎలక చచ్చి ఉంటుంది."

"నిచ్చెన తెస్తా ఉండు, ఎక్కి చూద్దువుగాని. మూడో మెట్టు ఊగుతుంది, నేను పట్టుకుంటాలే."

"నన్ను నువ్వు పట్టుకుంటావా? నేను జారి నీ మీద పడ్డానంటే నిన్ను దిండులో కూరుకోవడమే. వద్దక్కా, మోకాళ్లు పొద్దుట్నుంచీ ఏడుస్తున్నాయి."

ముప్పై రెండేళ్లు నేల మీద పాకిన మోకాళ్లు అవి. నిచ్చెన పేరు చెబితేనే సలుపు పుట్టేది. ఆ మాట ఒప్పుకోవడం ఆయనకి చిన్నతనం. అందుకని ఎలక మీదికి తోసేశాడు.

"అయితే గ్యాసు కాదంటావు," అంది అక్క.

"ఇది ముప్పై రెండేళ్ల ముక్కు. కాదంటే కాదు."

టీ ఇచ్చింది. తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఒక ఇంట్లో పొయ్యి బిగిస్తుంటే ఎక్కడో ధన్‌మని చప్పుడైంది. ఏ లారీవాడో ఇనప రేకులు ఒక్కసారిగా దింపేశాడు కాబోలు అనుకుని, మర చివరిదాకా బిగించాడు. ఆ మర బిగించడానికి పట్టిన కాసేపు ఆ తర్వాత ఆయన్ని చాలాకాలం వదల్లేదు. అంతలో వీధిలో జనం పరుగెత్తారు.

ఆస్పత్రిలో అక్క మొహం, కుడి చెయ్యి తప్ప అంతా కట్లే. వంటింట్లో లైటు వేయగానే పేలి అటక మీది దూది అంటుకుందని, అదే కొంప ముంచిందని డాక్టరు చెప్పాడు. మాట మాత్రం స్పష్టంగా ఉంది. రెండో రోజు కంపెనీ నుంచి విచారణ అధికారి వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. పంతులమ్మ తల్లి తలవైపు నిలబడింది. మేస్త్రీ గుమ్మం దగ్గర, లోపలికీ బయటికీ కాకుండా నిలబడ్డాడు.

"వాసన ముందు ఎప్పుడైనా వచ్చిందామ్మా?"

"వచ్చింది."

"ఎవరికైనా చెప్పారా? ఎవరైనా వచ్చి చూశారా?"

అక్క కళ్లు గుమ్మం వైపు వచ్చి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్లాయి.

"లేదు బాబూ. ఎవరికీ చెప్పలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను. నాదే అశ్రద్ధ."

అధికారి రాసుకున్నాడు. ఆయన అటు వెళ్లాడో లేదో పంతులమ్మ విరుచుకుపడింది. రెండు రోజులుగా బిగపట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది.

"వాసన వచ్చిందా? వచ్చినా చెప్పలేదా? రెండు వీధుల అవతల తమ్ముడు గ్యాసు మేస్త్రీ! కన్న కూతురు సైన్సు టీచరు! ఇద్దర్లో ఒక్కరికి ఒక్క ముక్క చెప్పడానికి నీకేం పోయింది? నీ నిర్లక్ష్యం కాకపోతే... నన్ను ఒక్కదాన్ని చేసి పోదామనా?"

"తప్పేనమ్మా," అంది తల్లి.

మేస్త్రీ గుమ్మం వదల్లేదు. పంతులమ్మ కళ్లు తుడుచుకుంటూ మందులకి వెళ్లాక మంచం దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఎందుకలా చెప్పావు?"

"చెప్తే నీ కార్డు లాక్కుంటారుగా. అది లాక్కుంటే నువ్వేం చేస్తావురా? నీకు ఇంకేం వచ్చు?"

"పోతే పోనీ! మళ్లీ నీకు వాసన రాలేదా అక్కా? లైటు వేసేముందు?"

"వచ్చింది." కొంచెం ఆగి, లెక్క సరిచూసుకుంటున్నదానిలా, "నువ్వు చూశావుగా అనుకున్నా," అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే ఆయనకి కాస్త నయంగా ఉండేది.

"దానికి చెప్పకు," అంది మళ్లీ. "మీరిద్దరే మిగులుతారు. దానికి నువ్వు, నీకది. వినబడిందా?"

వినబడిందన్నాడు. నాలుగో రోజు పొద్దున ఆమె పోయింది.

తర్వాత నాలుగు నెలలు పంతులమ్మ మామయ్యని కళ్లలో పెట్టుకుని చూసుకుంది. ఆదివారం ఆదివారం వచ్చి గది ఊడ్చేది, బట్టలు మడతపెట్టేది, మోకాళ్లకి మందు రాసేది. "నువ్వొక్కడివే ఉన్నావు మామయ్యా నాకు," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన లేచి సంచీ సర్దుకునేవాడు. నిజం చెప్తే ఉన్న ఒక్క మనిషీ పోతుంది. చెప్పకపోతే ఆ మనిషిని దొంగతనంగా ఉంచుకున్నట్టు. పైగా అక్కకిచ్చిన మాట ఒకటి. ఎటు తిరిగినా గోడే.

పని మానలేదు. కానీ ఇప్పుడు ఎవరింటికెళ్లినా ముందు స్టూలు అడిగేవాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, పళ్లు బిగించి ఎక్కి, సీలింగు మూలల్లో ముక్కు పెట్టేవాడు. "మోకాళ్ల మేస్త్రీకి రెక్కలొచ్చాయే!" అన్నారెవరో. ఆయన దిగి స్టూలు పక్క మూలకి జరిపాడు. అప్పుడు గానీ ఆయన హాస్యాలు ఆగిపోయాయని వాళ్లు గమనించలేదు.

ఒక రోజు అలా స్టూలు మీద ఉండగా, ఆ ఇంటావిడ కింద నుంచి అంది:

"మా అమ్మాయి మీ మేనకోడలి క్లాసులోనే మేస్త్రీ గారూ. పాపం, పాఠంలో మీ అక్క గారి సంగతి చెప్తుందట. మా అమ్మకి వాసన వచ్చినా నిర్లక్ష్యంగా ఊరుకుంది, మీరు అలా చేయకండి అని. ఏటా ప్రతి క్లాసుకీ చెప్తానందట. పిల్లలంతా ఏడ్చారట."

మేస్త్రీ స్టూలు దిగాడు. సబ్బు నీళ్ల గిన్నె అక్కడే మర్చిపోయి వీధిలోకి నడిచాడు. ఏటా. ప్రతి క్లాసుకీ. తమ్ముడికి ఫోన్ చేసి, అటక అని, పైన అని చెప్పి, నిచ్చెన తెస్తానన్న మనిషి, ఊళ్లో పిల్లలందరి నోటా నిర్లక్ష్యపు మనిషిగా మిగిలిపోతుంది. కార్డు కోసం అక్క చెప్పిన అబద్ధం ఆ పూట అవసరానిది. అది ఆమె పేరుకి ఇలా అతుక్కుపోతుందని ఆమె అనుకుని ఉండదు.

బడి ల్యాబులో పంతులమ్మ ఒక్కతే ఉంది. మధ్యాహ్నం క్లాసుకి ఏదో సిద్ధం చేస్తోంది. మీటరు పొడుగు గాజు గొట్టం ఒకటి రెండు స్టాండ్ల మధ్య అడ్డంగా బిగించి ఉంది.

"మామయ్యా! ఈ వేళప్పుడొచ్చావేం? బల్లకి ఆనుకోకు, కదులుతుంది. ఇటు కూర్చో, నీకు ఇష్టమైన పాఠమే." చేతికి తొడుగులు వేసుకుని, రెండు దూది ఉండలు చేసింది. ఒకదాన్ని ఒక సీసాలో, రెండోదాన్ని ఇంకో సీసాలో పట్టకారుతో ముంచి, ఒకేసారి గొట్టం రెండు కొసల్లోనూ పెట్టి బిరడాలు బిగించింది. "ఇటువైపు అమ్మోనియా, తేలిక. అటువైపు యాసిడ్, అమ్మోనియా కంటే రెండు రెట్ల పైన బరువు. రెండిటి ఆవిర్లూ గొట్టంలో ఎదురెదురుగా బయల్దేరతాయి. కలిసిన చోట తెల్లటి పొగ ఉంగరంలా కడుతుంది. ఎక్కడ కడుతుందో చెప్పు చూద్దాం."

ఆయన దూది వైపు చూస్తున్నాడు. "ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

"అప్పటిదాకా నా వైపు చూడకు. గొట్టాన్నే చూడు. ఒక మాట చెప్పాలి."

పంతులమ్మ నవ్వబోయి మామయ్య మొహం చూసి ఆపేసింది. గొట్టం వైపు తిరిగింది.

చెప్పాడు. అడ్డదారి తొక్కకుండా ఫోన్ దగ్గర మొదలుపెట్టి చెప్పాడు. మోకాళ్ల మీద పాకడం, అక్క "పైన" అనడం, ఎలక, నిచ్చెన, టీ. గొట్టంలో ఏమీ కనబడటం లేదు, కానీ లోపల రెండు వైపుల నుంచీ ఏవో వస్తున్నాయని ఆయనకి తెలుసు. ఆస్పత్రిలో అక్క అన్నదీ చెప్పాడు.

"నీకు చెప్పొద్దంది. నేను మాటిచ్చాను. ఇప్పుడు తప్పాను."

గొట్టంలో, నడిమికి అవతల, పలచటి తెలుపు కనబడింది. గాజు లోపల ఎవరో ఊపిరి వదిలినట్టు. చూస్తుండగానే అది చిక్కబడి ఉంగరమైంది. బరువైనదానికి దగ్గరగా, తేలికైనదానికి దూరంగా. తేలికది అంత దూరం పరుగెత్తి వచ్చింది. బరువైంది బయల్దేరిన చోటు నుంచి ఎక్కువ కదల్లేదు.

పంతులమ్మ అలవాటుగా స్కేలు తీసింది. గొట్టానికి ఆనించి కొలిచింది.

"ఇటు అరవై. అటు నలభై," అంది. పుస్తకంలో రాసింది. పెన్ను మూత పెట్టింది. అప్పుడంది:

"ఒళ్లంతా కట్లతో పడుకుని ఉంటే నేను తిట్టాను."

"ఊఁ."

"తప్పేనమ్మా అంది."

"ఊఁ."

"మీరు అక్కడే ఉన్నారు."

"గుమ్మం దగ్గర ఉన్నాను."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆయన్ని మీరు అనడం అదే మొదలు. బయట గంట కొట్టారు. మెట్ల మీద పిల్లల అడుగులు వినబడ్డాయి.

"పిల్లలొస్తున్నారు. మీరు వెళ్లండి."

వెళ్లాడు.

మర్నాడు ఉదయం కంపెనీ ఆఫీసుకి వెళ్లి, పాత వాంగ్మూలం తప్పని, అక్క ముందే చెప్పిందని, చూసింది తనేనని రాసిచ్చాడు. కళ్లజోడు ఇంజనీరు అది రెండుసార్లు చదివాడు. బీరువాలోంచి ఒక ఫైలు తీసి, అందులోంచి ఒక కాగితం ఆయన ముందు పెట్టాడు. శిక్షణ నాటి పరీక్ష. మేస్త్రీ చేతిరాతే. పైపు గ్యాసు కారితే ముందు ఎక్కడ చూడాలి? పైన, సీలింగు దగ్గర, అటకల్లో.

"సరిగ్గానే రాశారు కదండీ," అన్నాడు ఇంజనీరు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక.

"రాశాను బాబూ," అన్నాడు మేస్త్రీ. జేబులోంచి కార్డు తీసి ఆ కాగితం మీద పెట్టాడు.

కార్డు పోయాక చేతులు ఖాళీ అయ్యాయి. పొద్దున్నే లేచి ముక్కు కడుక్కోవడం, సంచీ తుడుచుకోవడం మాత్రం మానలేదు. ఆ తర్వాత ఏం చేయాలో తోచక పరుపు మీది గుట్టకి నడుం ఆనించి కూర్చునేవాడు. ఆదివారాలు ఎవరూ రాలేదు. గది తనే ఊడ్చుకున్నాడు. ఏడాది తిరగవస్తుండగా ఆ ఇంటావిడే వీధిలో కనబడి, వెంటనే చూపు తిప్పేసుకుంది. మళ్లీ ఏమనుకుందో ఆగి, "మీ మేనకోడలు ఈ ఏడు పాఠం మార్చి చెప్పిందట మేస్త్రీ గారూ," అంది. అడగకపోయినా చెప్పింది. "మా అమ్మకి వాసన వచ్చింది. వెంటనే చెప్పింది. పైన అని కూడా చెప్పింది. వచ్చి చూసినాయనకి అంతా తెలుసు, పైకి మాత్రం చూడలేదు అందట. ఎవరని అడిగితే, పని బాగా తెలిసిన ఒక మేస్త్రీ అని ఊరుకుందట."

"సరిగ్గానే చెప్పింది," అన్నాడాయన. కొన్ని అడుగులు నడిచాక మళ్లీ అన్నాడు, ఈసారి తనలో తనే.

అక్క ఉన్న ఇంటిని యజమాని బాగుచేయించడానికి పూనుకున్నాడు. సామాన్లేమైనా ఉంటే తీసుకెళ్లమని ఇద్దరికీ కబురు పెట్టాడు. మేస్త్రీ వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. ముందు గదిలో పంతులమ్మ మిగిలిన గలేబులు పెట్టెలో సర్దుతోంది. తల ఎత్తి చూసి మళ్లీ దించుకుంది. ఆయన వంటింట్లోకి వెళ్లాడు.

గోడలు నల్లగా ఉన్నాయి. నేలబారున ఆయన కొట్టించిన కన్నం ఒక్కటే శుభ్రంగా, అందులోంచి చిన్న వెలుతురు గచ్చు మీద పడుతూ. మంట దాని జోలికే రాలేదు. అటక తలుపులు లేవు. నిచ్చెన మాత్రం, ఆ రోజు ఎవరో బయటికి లాగేసినది, పెరటి గోడకి ఆనించి ఉంది.

తెచ్చి అటకకి ఆనించాడు. ఎందుకో ఆయనకే తెలియదు. గ్యాసు ఆపేసి ఏడాదైంది. వెతకడానికి ఏమీ లేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. మోకాలు కలుక్కుమంది. రెండో మెట్టు.

"మూడోది ఊగుతుంది," అంది పంతులమ్మ. ఎప్పుడొచ్చిందో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో మడతపెట్టిన గలేబుతో. "చూసుకోండి."

ఆయన ఆగాడు. నిచ్చెన పక్కలు గట్టిగా పట్టుకుని మూడో మెట్టు మీద కాలు మోపాడు. ఊగింది. నాలుగు. అయిదు. తల అటకలోకి వచ్చింది. మసి. కాలి ముద్దైన దూది. కళ్లు మూసుకుని, ముప్పై రెండేళ్లు నేల మీద పట్టినట్టే, గుండెల నిండా ఊపిరి పట్టాడు. ఏ వాసనా లేదు. ఆ రోజు ఉండి ఉంటుంది. ఇక్కడే, ముక్కుకి ఇంత దగ్గరగా. అయిదు మెట్లు.

కింద గుమ్మంలోంచి పంతులమ్మ అడుగుల చప్పుడు ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు.